రూజెంకా పేరు పండగ

ఆ శనివారం ఉదయం లుబోష్ వేసుకున్న లెక్క చాలా సులువైనది. తొమ్మిదికి భార్య హెద్వికా సంతకు వెళ్తుంది. అక్కడి నుంచి చెల్లెలింటికి వెళ్తుంది. పన్నెండు దాటితే గాని తిరిగి రాదు. తొమ్మిదింబావుకల్లా కుందేలు వెచ్చబడుతుంది, తొమ్మిదిన్నరకు రూజెంకా నోట్లో పడుతుంది, పదికి గాజు పెట్టెకు తాళం పడుతుంది. ఆ తర్వాత నెల రోజుల దాకా రూజెంకాకు ఆకలి ఉండదు, లుబోష్‌కు భయం ఉండదు. ఈ వ్యవహారంలో నష్టపోయేది కుందేలు ఒక్కటే. అది కూడా రెండు నెలలుగా ఫ్రీజర్‌లోనే ఉంది కాబట్టి కొత్తగా దానికి పోయేదేమీ లేదు.

రూజెంకా కొండచిలువ. రెండున్నర మీటర్ల పొడవు, మనిషి పిక్కంత లావు, ఏడేళ్ల వయసు. ఓలొమోత్స్ పట్నంలో లుబోష్‌కు గుండీలు, జిప్పులు, దారపు ఉండలు అమ్మే దుకాణం ఉంది. మూడేళ్ల కిందట, అక్కడికి రోజూ వచ్చే ఒక దర్జీకి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు నేనో పామో తేల్చుకోమంది. దర్జీ పెళ్లికూతుర్ని ఉంచుకుని పామును లుబోష్‌కు అప్పగించాడు.

లుబోష్ తీసుకునే ముందు అన్నీ విచారించాడు. మొరగదు. వానలో షికారుకు తిప్పనక్కర్లేదు. సోఫా మీద వెంట్రుకలు రాల్చదు. నెలకు ఒక్కసారి తింటుంది. ఇంత తక్కువ చాకిరీకి ఇంత పెద్ద ప్రాణి దొరకడం మాటలు కాదనుకున్నాడు. స్వభావం ఎలాంటిదని మాత్రం అడగలేదు. దర్జీ చెప్పలేదు. అందుకు లుబోష్ అతన్ని ఏనాడూ తప్పు పట్టలేదు. సరుకు గురించి అబద్ధం ఆడకూడదు, అడగనిది చెప్పనక్కర్లేదు. ముప్ఫై ఏళ్లుగా తన దుకాణం నడిచింది కూడా ఈ సూత్రం మీదే.

స్వభావం మొదటి వారంలోనే తెలిసింది. గాజు తలుపు జానెడు జరిపేసరికి లోపలి నుంచి ఒక తల, వదిలిన రబ్బరు పట్టీలా దూసుకొచ్చింది. అది చూసి హెద్వికా ఒక ఒప్పందం పెట్టింది.

"ఇది మనుషుల్లో ఎవరినైనా ఒక్కసారి కరిచిందంటే, ఆ వారమే పాముల సంతకి పంపించెయ్యాలి. ఒక్క కాటు. రెండోది లేదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటున్నా," అన్నాడు లుబోష్. ఆ మాట అంటున్నప్పుడు అతని ఎడమ చెయ్యి వీపు వెనక ఉంది. దాని చుట్టూ చేతిరుమాలు చుట్టి ఉంది.

అప్పటి నుంచి ఈ మూడేళ్లలో మరో ఐదు కాట్లు పడ్డాయి. అడిగినప్పుడల్లా దుకాణంలో కత్తెర తగిలి తెగిందని చెప్పాడు. ఎంత కరిచినా రూజెంకాను వదులుకోవడం అతని వల్ల కాదు. దుకాణంలో రోజంతా జనంతో మాట్లాడి ఇంటికొచ్చేసరికి భార్యతో పంచుకోవడానికి నోట్లో ఒక్క మాట మిగిలేది కాదు. అయితే ఆ గాజు పెట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే మాత్రం కబుర్లు వాటంతటవే వచ్చేవి. ఎదురు చెప్పదు, మధ్యలో లేవదు, విన్నది ఎవరికీ మోయదు. అలాంటి శ్రోత మళ్లీ దొరకదని అతనికి తెలుసు.

"మళ్లీ కత్తెరా?" సంచీ భుజాన తగిలించుకుంటూ హెద్వికా అతని బొటనవేలి మీద పట్టీని చూసింది.

"కత్తెరే. ఈ మధ్య బాగా పదును పెట్టించా."

"వెల్లుల్లి కాడలు తెస్తా. ఇంకేమైనా కావాలా?"

"ఏమీ వద్దు. నిదానంగా రా. మీ చెల్లెల్ని అడిగానని చెప్పు," అన్నాడు లుబోష్. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో అతను మరదల్ని అడిగానని చెప్పమనడం ఇదే మొదటిసారి. హెద్వికా పొడుగు చేతుల చొక్కా గుండీ మణికట్టు దగ్గర సర్దుకుని వెళ్లిపోయింది.

అతను కుందేల్ని బయటికి తీసి, స్నానాల గదిలో వేణ్ణీళ్ల బకెట్లో కవరుతో సహా ముంచాడు. కరిగాక తుడిచి, హెద్వికా హెయిర్ డ్రయ్యర్‌తో బొచ్చు ఆరబెట్టాడు. తడి కుందేలు రూజెంకాకు నచ్చదు. చల్లటిది అసలే నచ్చదు. ఆరబెడుతూ, అలవాటు ప్రకారం, గోడకు అవతలి గదిలో ఉన్న రూజెంకాతో గట్టిగా మాట్లాడాడు.

"రూజెంకా, నా తల్లీ! ఐదు వారాలైంది నువ్వు తిని. ఈ రోజైనా బుద్ధిగా తిను. నన్ను కరవకు. కరిచావంటే నిన్ను బయటికి పంపించేస్తారమ్మా. నువ్వున్నావన్న సంగతే ఈ బిల్డింగులో ఎవరికీ తెలీకూడదు. అర్థమైందా బంగారం?"

స్నానపు తొట్టి మీద, పైకప్పు దగ్గర గాలి గొట్టం ఉంది. ఎనిమిది అంతస్తులకూ అదొక్కటే గొట్టం. పైవాళ్లు తుమ్మితే కింద వినపడుతుందని లుబోష్‌కు ఎప్పటి నుంచో తెలుసు. వచ్చే సరుకును చూసుకున్నాడు గాని, అదే దారిన పోయే సరుకును లెక్కలోకి తీసుకోలేదు.

కుందేలు సిద్ధమైంది. అతను పక్క గదిలోకి వెళ్లి గాజు పెట్టె తాళం తీశాడు. రూజెంకా తల ఎత్తింది. నాలుక రెండుసార్లు ఆడించింది. పటకారు అక్కడే పెట్టి కుందేలు తేవడానికి వెనక్కి తిరిగాడు.

వీధి తలుపు గంట మోగింది.

గది తలుపు దగ్గరగా వేసి వెళ్లి తీశాడు. బయట లిబుషె నిలబడి ఉంది. పై అంతస్తులో ఉండే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, ఈ బిల్డింగు కమిటీకి పెద్ద. కుక్క, పిల్లి, కానరీ పిట్ట తప్ప మరే ప్రాణినీ కమిటీ అనుమతి లేకుండా ఉంచకూడదన్న నియమం రాసింది ఆవిడే. మెట్లు కడిగే వంతుల పట్టిక వేసేదీ ఆవిడే. ఇంటికొకటి కాదు, ఇంట్లో ఉన్న పెద్దలు ఒక్కొక్కరికీ ఒక్కో వారం. ఆవిడ ఒక చేతిలో ఎర్ర కార్నేషన్ పూలు, మరో చేతిలో పళ్లెం నిండా ఆలుగడ్డ సలాడూ, హామూ, ఊరవేసిన దోసకాయ ముక్కలూ పరిచిన రొట్టెలు. వెనక కింది అంతస్తు ఆల్ఫోన్స్, ఒకప్పటి ట్రామ్ డ్రైవర్, సొంతంగా కాచిన ప్లమ్ సారా సీసాను పసిబిడ్డలా చంకనెత్తుకుని ఉన్నాడు.

"శుభాకాంక్షలండీ!" అంది లిబుషె.

"ఎవరికండీ?"

"ఎవరికా? ఈ రోజు మార్చి పదమూడు కాదూ? కేలండర్ చూళ్లేదా? రూజెనా పేరు పండగ."

రూజెనాని ముద్దుగా పిలిస్తే రూజెంకా. లుబోష్ గుండె ఒక్క క్షణం దుకాణం కట్టేసింది. ఏడాదిలో ప్రతి తేదీ ఎవరో ఒకరి పేరు మీద ఉంటుంది, ఆ రోజు ఆ పేరున్నవాళ్లకు పూలివ్వకపోతే తప్పు. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ అతనికి తెలుసు. కాని పాముకు కూడా ఈ పద్ధతి వర్తిస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"మీ ఇంట్లో రూజెంకా గారున్నారని నాకు తెలుసు లుబోష్ గారూ," లిబుషె గొంతు తగ్గించింది. "బాత్రూంలో మాటలు వినపడతాయి. ఎవరు? మీ అత్తయ్యా? మేనత్తా?"

లుబోష్ తన సూత్రాన్ని గుర్తు తెచ్చుకున్నాడు. అబద్ధం ఆడకూడదు. "ఇంట్లో మనిషే అనుకోండి," అన్నాడు.

"అయితే మేనత్తే. ఒకసారి చూసి, పూలిచ్చి పోతాం."

పూలతో వచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టి పంపడం ఆ ఊళ్లో ఎవరికీ చేతకాదు. లుబోష్‌కు అసలే చేతకాదు. ఇద్దరూ బూట్లు విప్పారు. విప్పినవాళ్లకు ఇంటి చెప్పులివ్వాలి. లిబుషె కమిటీ పెద్ద కాబట్టి ఉన్నవాటిలో మేలైనవి ఇవ్వాలనుకున్నాడు. పల్లెలో హెద్వికా పెద్దమ్మ స్వయంగా కుట్టి పంపిన, కుందేటి బొచ్చు చెప్పులు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"అబ్బ, ఎంత మెత్తగా ఉన్నాయో! కొంచెం వదులు," అంటూ లిబుషె వెళ్లి, కిటికీ కింద హీటర్‌కు పాదాలు ఆనించి కూర్చుంది.

అప్పుడు గాని లుబోష్‌కు తాను చేసిన పని తట్టలేదు. కుందేటి బొచ్చు. పైగా వెచ్చబడుతున్న కుందేటి బొచ్చు. అవతలి గదిలో ఐదు వారాల ఆకలి, తాళం తీసిన పెట్టె.

"లిబుషె గారూ, ఆ చెప్పులు ఇటివ్వండి. వేరేవి ఇస్తా."

"మీరేగా ఇచ్చారు?"

"అవి... అంత మంచివి కావు."

"ఇంతకన్నా మంచివి నేను వేసుకోలేదు," అని ఆవిడ పాదాలు ఇంకాస్త హీటర్‌కు దగ్గరగా జరిపింది. ఇచ్చిన చెప్పులు ఎందుకు లాక్కోబోతున్నాడో ఆవిడకు అంతుపట్టలేదు. అంతుపట్టని ప్రతి విషయాన్నీ పిల్లలు దాచిన సిగరెట్టుగా చూడడం ఆవిడకు ముప్ఫై ఐదేళ్ల ఉద్యోగం నేర్పింది.

"రూజెంకా గారు లేచారా?"

"అది ఇప్పుడు..."

"పెద్దావిడని పట్టుకుని 'అది' అంటారేంటండీ?"

"ఆవిడ," దిద్దుకున్నాడు లుబోష్. "ఆవిడ మెలకువగానే ఉన్నారు. కాని భోజనం కాలేదు. భోజనానికి ముందు ఎవర్నీ చూడరు."

"ఎప్పుడు తిన్నారు ఆఖరిసారి?"

అబద్ధం ఆడకూడదు. "ఐదు వారాలైంది."

ఆల్ఫోన్స్ నోట్లో పెట్టుకోబోయిన రొట్టెముక్కను తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

"ఏవయ్యా, ఐదు వారాలా!"

"నెలకోసారే తింటారు. అంతకన్నా పెడితే అరగదు."

"నడుస్తారా?" అంది లిబుషె.

"నడవరు."

"లేచి కూర్చోవడం?"

"అదీ లేదు. ఎప్పుడూ పడుకునే ఉంటారు."

"మాట?"

"మాట లేదు. కోపమొస్తే బుస కొడతారు."

"అది ఆయాసం," అన్నాడు ఆల్ఫోన్స్ తల ఊపుతూ. "మా అమ్మకీ అంతే. ఒంట్లో మిగతాదంతా బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉంది. మొన్ననే చర్మం ఊడింది."

"చర్మమా?"

"మొత్తం. మేజోడు విప్పినట్టు ఒక్కసారే. ఏడాదికి నాలుగైదుసార్లు మామూలేనండీ, కంగారు పడాల్సిందేం లేదు."

లుబోష్‌కు తను చెప్పిన ప్రతి మాటా నిజమేనన్న తృప్తి కలిగింది. అయితే ఎదుటివాళ్ల ముఖాల్లో ఆ తృప్తి ఎక్కడా కనిపించలేదు. నిజం చెప్పినకొద్దీ సరుకు ఇలా దిగజారిపోవడం అతని వ్యాపారంలో ఎన్నడూ చూడలేదు.

ఆల్ఫోన్స్ చేతులు కడుక్కొస్తానని లేచాడు. అర నిమిషంలో తిరిగొచ్చి, నెమ్మదిగా కూర్చుని, అన్నాడు:

"లిబుషె గారూ, బాత్రూంలో కుందేలుంది. తోలు తియ్యలేదు. జుట్టు మాత్రం నున్నగా ఆరబెట్టి ఉంది."

"రూజెంకా గారి భోజనం," అన్నాడు లుబోష్, ఇక దాచి లాభం లేదనుకుని. "ఆవిడకి వండితే పడదు."

"తోలుతోనా? ఎముకలు?"

"నమలరు. మింగేస్తారు."

ఆ గాలి గొట్టం గుండా ఇన్నాళ్లూ తాను విన్న ముక్కలన్నీ లిబుషె మనసులో వరసగా కూర్చున్నాయి. కరవకు తల్లీ. బయటికి పంపించేస్తారు. నువ్వున్నావని ఎవరికీ తెలీకూడదు. ముసలావిడను గదిలో పెట్టి నెలకోసారి పచ్చి కుందేలు పడేస్తున్నాడు. ఆవిడ కరవకుండా ఏం చేస్తుంది?

"లుబోష్ గారూ," అంది, పదో తరగతి వాణ్ణి నిలబెట్టినప్పటి గొంతుతో. "ముందు ఆ పూలు నీళ్లలో పెట్టండి."

పని దొరికినందుకు లుబోష్ సంతోషించాడు. వంటింట్లోకి వెళ్లి, గాజు కూజాలో నీళ్లు పోసి, పూలు దూర్చాడు. తొందరలో ఒక కాడ మెడ దగ్గర పుటుక్కున విరిగింది. విరిగిన పువ్వు పెట్టడం మర్యాద కాదని దాన్ని చెత్తబుట్టలో వేసి, మిగతావి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

లిబుషె వాటిని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఆవిడ ముఖం తెల్లబడింది.

"నేను ఏడు తెచ్చాను. ఆరున్నాయి."

లుబోష్ కూజా వైపు చూశాడు. ఆరు. సరి సంఖ్య. బతికున్నవాళ్లకు బేసి పూలే ఇస్తారు. సరి సంఖ్య పూలు శవపేటిక మీదికి తప్ప మరి దేనికీ పనికిరావు. ఈ సంగతి ఆ ఊళ్లో నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు.

"ఎప్పుడు పోయారు?" అంది లిబుషె, చాలా మెల్లగా.

"పోలేదండీ! ఒకటి విరిగింది!"

"మీరే చేజేతులా ఒకటి తీసేశారు. నోటితో చెప్పలేక పూలతో చెప్తున్నారు. అర్థమైంది." ఆవిడ లేచింది. "ఏ గది?"

"లిబుషె గారూ, ఆ తలుపు తియ్యొద్దు. కనీసం చెప్పులు విప్పి తియ్యండి!"

చనిపోయినవాళ్ల గదిలోకి చెప్పులు విప్పి వెళ్లడం తనకు తెలియని ఆచారమేమోనని ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత, ఆచారాలకిది సమయం కాదనుకుని తలుపు తోసింది.

ఈలోగా రూజెంకా ఖాళీగా లేదు. తాళం లేని గాజు తలుపును ముక్కుతో జరుపుకుని, సగం ఒళ్లు బయటికి తెచ్చి, నేల మీద తల ఆనించి, కుందేలు ఎటు నుంచి వస్తుందా అని ఓపిగ్గా ఎదురుచూస్తోంది. తలుపు తెరుచుకుంది. నేలకు రెండంగుళాల ఎత్తున, వెచ్చగా, బొచ్చుతో, కుందేలు వాసన వేస్తూ ఒకటి కాదు, రెండు లోపలికి వచ్చాయి.

ఆ తర్వాత జరిగింది ఎవరికీ కనపడలేదు. ఫట్‌మని ఒక చప్పుడు మాత్రం వినపడింది. కుడికాలి చెప్పు లిబుషె దగ్గర లేదు. వదులుగా ఉండబట్టి పాదం జారి బయటికొచ్చింది. చెప్పు రూజెంకా నోట్లో ఉంది, దాని చుట్టూ అప్పటికే మూడు చుట్లు పడ్డాయి. లిబుషె మేజోడుతో ఉన్న కాలినీ, చెప్పుతో ఉన్న కాలినీ వెంటవెంటనే పైకి తీసుకుని, పక్కనున్న గుండీల పెట్టె మీదికి ఎక్కి నిలబడింది.

"ఈవిడేనా?" అంది పైనుంచి.

"ఈవిడేనండీ," అన్నాడు లుబోష్.

"పాము."

"మీరు అడగలేదు కదండీ."

అతను వంగి, రూజెంకా మెడ పట్టుకుని చెప్పు నుంచి లాగడం మొదలుపెట్టాడు. చుట్లు ఇంకా బిగిశాయి. ఆల్ఫోన్స్ గుమ్మంలో సీసాను కౌగిలించుకుని, ఆకలేస్తే ట్రామ్ కూడా ఇలాగే ఉంటుందా అన్నట్టు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తాళం తిరిగింది. చెల్లెలు గొంతు నొప్పితో పడుకుందట, హెద్వికా తొందరగా వచ్చేసింది. వెల్లుల్లి కాడల సంచీతో నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడింది. పెట్టె మీద కమిటీ పెద్ద. నేల మీద మొగుడు. మొగుడి చేతిలో పాము, పాము నోట్లో పెద్దమ్మ కుట్టిన చెప్పు.

అయిపోయిందనుకున్నాడు లుబోష్. మూడేళ్ల వ్యాపారం మూతపడింది. వచ్చే శనివారం పాముల సంత. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఖాళీ పెట్టె ముందు స్టూలు.

హెద్వికా సంచీ కింద పెట్టింది.

"తల దగ్గర లాగకు. పళ్లు లోపలికి వంగి ఉంటాయి, విరిగిపోతాయి. తోక పట్టుకుని విప్పు. అటు నుంచి కాదు, ఇటు నుంచి. ఆఁ, నెమ్మదిగా. ఆల్ఫోన్స్ గారూ, ఆ సీసా ఇలా ఇవ్వండి."

"ఇది రూజెంకా గారి పండక్కి తెచ్చానమ్మా," అన్నాడు ఆల్ఫోన్స్.

"ఆవిడకే ఇస్తున్నా."

దూది సారాలో ముంచి రూజెంకా పెదవి మూల ఆనించింది. రూజెంకా కొంచెంసేపు ఆలోచించింది. తర్వాత, చెడిపోయిన సరుకును తిప్పి పంపేవాడిలా నోరు పూర్తిగా తెరిచి, చెప్పును వదిలేసింది. హెద్వికా గోడకు ఆనించి ఉన్న కొక్కెం కర్ర తీసుకుని, పాము మెడ కింద దూర్చి, రెండో చేత్తో పొట్ట భారం మోస్తూ ఎత్తి, పెట్టెలో దించి, అద్దం జరిపి, తాళం వేసింది. సూదిలో దారం ఎక్కించేంత సేపు పట్టింది.

"నా సారాకి నోరు తెరిచినవాళ్లని చాలామందిని చూశాను," అన్నాడు ఆల్ఫోన్స్. "నోట్లోది వదిలేసినవాళ్లని చూడ్డం ఇదే."

లుబోష్‌కు ఇవేవీ వినపడటం లేదు. అతను వాదనకు సిద్ధమవుతున్నాడు.

"హెద్వికా, నువ్వే చూశావు. చెప్పుని కరిచింది. మనిషిని కాదు. ఒప్పందంలో మనుషులనే ఉంది. చెప్పుల ప్రస్తావన లేదు."

హెద్వికా మణికట్టు దగ్గర గుండీ విప్పి చొక్కా చెయ్యి పైకి లాగింది. ముంజేతి మీద నెలవంకలా సూది మొనలంత చిన్న మచ్చలు. వాటి పైన మరో నెలవంక. మోచేతి కింద ఇంకొకటి.

"ఇది కిందటి అక్టోబరు. ఇది క్రిస్మస్ ముందు. ఇది మొదటి సంవత్సరం."

"అవి పొయ్యి దగ్గర కాలాయన్నావు!"

"నువ్వు కత్తెరన్నావు."

లుబోష్ స్టూలు మీద కూర్చున్నాడు. "ఎప్పట్నించి?"

"మొదట్నించీ. దాని నీళ్ల గిన్నె ఎవరు మారుస్తున్నారనుకున్నావ్? అదే కడుక్కుంటోందనుకున్నావా? నువ్వు నెలకోసారి తిండి పెట్టడానికి తప్ప ఆ తలుపు తియ్యవు. తలుపు తీస్తే తిండి అని దానికి నేర్పింది నువ్వే. ఏడాదికి ఒక్కసారి, తగ్గింపు రోజున మాత్రమే షట్టరు ఎత్తే కొట్టు ముందు జనం ఎలా ఉంటారో నీకు తెలీదా? నాకు మూడు కాట్లు పడ్డాక తెలిసింది. ముందు కొక్కెంతో ఒంటిమీద మెల్లగా తట్టాలి. తడితే ఇది తిండి కాదు, చాకిరీ అని దానికి తెలుస్తుంది. అప్పటి నుంచి ఏమీ అనదు."

"మరి ఒప్పందం? మొదటి కాటుకే పంపించెయ్యచ్చు కదా. నీకే నచ్చలేదు కదా అది."

హెద్వికా చొక్కా చెయ్యి దించి గుండీ పెట్టుకుంది.

"నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. కానీ నువ్వు నాతో సాయంత్రం పూట మాట్లాడి ఎన్నేళ్లైంది? దాని ముందు కూర్చుంటే గంట మాట్లాడతావు. దుకాణంలో ఎవరొచ్చారు, మోకాలు ఎప్పుడు నొప్పెట్టింది, మొన్న నా పుట్టినరోజు మర్చిపోయి ఎంత సిగ్గుపడ్డావు, అన్నీ. నేను వంటింట్లో స్టూలేసుకుని ఆ గోడకానుకుని వింటాను. అది పోతే నీ సంగతులు నాకెవరు చెప్తారు?"

లుబోష్ మనసులో తక్కెడ ఒకసారి పైకీ కిందికీ ఊగింది. మూడేళ్లుగా తాను ఒక్క శ్రోతకే సరుకు వేస్తున్నాననుకున్నాడు. ఇద్దరు తీసుకుంటున్నారు. ఏదైనా ఇప్పుడు భార్యతోనే అనాలి. ఆ అలవాటు పోయింది.

"ఇద్దరు కాదు, ముగ్గురు," పైనుంచి లిబుషె అంది. "ఆ మోకాలికి ఆవాల కట్టు కట్టండి. ఇక నన్నెవరైనా దింపుతారా?"

ఆవిడను దింపి, కూర్చోబెట్టి, ఆల్ఫోన్స్ సారా తలా ఒక చిన్న గ్లాసు పోశారు. లుబోష్ తలవంచుకుని తీర్పు కోసం ఎదురుచూశాడు. కుక్క, పిల్లి, కానరీ పిట్ట. ఆ నియమం రాసిన చెయ్యే ఇప్పుడు ఎదురుగా గ్లాసు పట్టుకుని ఉంది. భార్య దగ్గర నెగ్గిన కేసు కమిటీ దగ్గర ఓడిపోయేలా ఉంది.

లిబుషె జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద గులాబీ బొమ్మ, కింద పదమూడు కుటుంబాల సంతకాలు. "మా ప్రియమైన రూజెంకా గారికి. ధైర్యంగా ఉండండి. మేమున్నాం."

"గురువారం మీటింగులో నలభై నిమిషాలు మాట్లాడాను," అంది. "అయిదో అంతస్తులో ఒక నిస్సహాయురాలు ఉందనీ, మన కళ్ల ముందే ఆకలితో మాడుతోందనీ. ఇద్దరు ఏడ్చారు. ఇప్పుడు వెళ్లి వాళ్లకి ఏం చెప్పమంటారు?"

లుబోష్ తల ఎత్తాడు. ముప్ఫై ఏళ్లలో అతను ఎదుటివాడి గొంతులో బేరం వినపడితే గుర్తుపట్టకుండా ఉన్నది లేదు.

"చూసొచ్చామని చెప్పండి," అన్నాడు మెల్లగా. "ఆవిడ బతికే ఉన్నారు. బలంగా ఉన్నారు. తిండి పుష్టి బాగానే ఉంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు."

"మరి మేనత్త?"

"ఆ మాట నేనెప్పుడూ అనలేదండీ. మీరే అన్నారు."

లిబుషె గ్లాసు ఖాళీ చేసింది. ఆల్ఫోన్స్ వైపు చూసింది. ఆల్ఫోన్స్, తనకు చూపు సరిగా ఆనదనీ, లోపల మసకగా ఒక ముసలావిడ కనిపించిందనీ, తన సారా ఆవిడకు పెద్దగా నచ్చలేదనీ, అడిగినవాళ్లకు ఇంతవరకే చెప్తాననీ అన్నాడు. కరిగిన కుందేల్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు కదా, పారేసే బదులు తనకిస్తే వెల్లుల్లితో ఏదో ఒకటి చేసుకుంటానని కూడా అన్నాడు. హెద్వికా ఇవ్వనంది.

"నియమం ప్రాణులకే," అంది లిబుషె చివరికి, లేస్తూ. "మేనత్తలకి అనుమతి అక్కర్లేదు."

గుమ్మం దగ్గర తన బూట్లు వేసుకుంది. లుబోష్ చెత్తబుట్టలోంచి విరిగిన పువ్వు తెచ్చి, దాన్ని చిన్న గ్లాసులో పెట్టి కూజా పక్కన పెట్టాడు. ఏడు. అందరి ముఖాలూ తేలికపడ్డాయి. ఇంత పెద్ద గండం పైసా నష్టం లేకుండా గడిచిందని అతను లోలోపల పొంగిపోతుండగా, తలుపు దగ్గర లిబుషె ఆగింది.

"ఒక్క మాట. నెల దాటి ఉన్న పెద్దలందరికీ మెట్ల వంతు ఉందని తెలుసుగా. రూజెంకా గారి పేరు పట్టికలో లేకపోతే ఆ పదమూడు ఇళ్లవాళ్లూ ఎందుకని అడుగుతారు."

"ఆవిడ నడవలేరు కదండీ!"

"అయితే డాక్టరు దగ్గర కాగితం తెండి."

లుబోష్ లెక్క వేశాడు. ఏ డాక్టరు, ఏ కాగితం, అందులో ఏమని రాయిస్తాడు? వెనక హెద్వికా నవ్వు వినపడింది. ఆ నవ్వు ఆ ఇంట్లో చాలాకాలంగా వినపడనిది.

ఏప్రిల్ మూడో వారంలో రూజెంకా గారు మెట్లు చాలా శుభ్రంగా కడిగారని బిల్డింగంతా మెచ్చుకుంది.